సంతకానికి ముందు ఏం జరిగింది: సాయంత్రం బడి ఫలితాలను అక్కడ చదువుకున్నవాళ్ళే తూచిన కేస్

పెద్దవాళ్ళకి చదువు చెప్పే మా సాయంత్రం బడి ఫలితాలు తూచడానికి మేం మొదట చేయించిన ఇవాల్యుయేషన్‌లో లెక్క తప్పు ఒక్కటీ లేదు. మొదట్లో బేస్‌లైన్ పరీక్ష పెట్టాం, రెండేళ్ళ తర్వాత ఎండ్‌లైన్ పెట్టాం, సగటు మార్కులు బాగానే పెరిగాయి. చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు, ఫారాలు నింపడం, అన్నింట్లోనూ బాణం గుర్తు పైకే ఉంది. రిపోర్టు అట్ట కూడా అందంగా వచ్చింది. దాన్ని పట్టుకుని ఒక సెంటర్‌కి వెళ్ళి ఫలితాలు చదివి వినిపించాను. వెనక వరసలో కూర్చున్న ఒకావిడ అడిగింది: "మరి మానేసినవాళ్ళ మార్కులు ఏ పేజీలో ఉన్నాయి మేడం?"

ఏ పేజీలోనూ లేవు. చివరి పరీక్ష చివరిదాకా ఉన్నవాళ్ళకే పెట్టాం. మధ్యలో ఆగిపోయినవాళ్ళు రిజిస్టర్లో ఒక గీతగా మిగిలారు. ఆ గీత పక్కన 'ఆసక్తి లేదు' అని రాసి ఉంది. అంటే మా సగటు పెరగడానికి కొంత కారణం జనం నేర్చుకోవడం, ఇంకొంత కారణం వెనకబడినవాళ్ళు లెక్కలోంచి జారిపోవడం. ఏది ఎంతో మా రిపోర్టులో లేదు. ఆవిడ అడిగిన ప్రశ్నతోనే రెండో ఇవాల్యుయేషన్ మొదలైంది. ఇక్కడ రాస్తున్నది దాని గురించే.

పగలంతా కూలికో, ఇళ్ళలో పనికో, చిన్న వ్యాపారానికో వెళ్ళి సాయంత్రం వచ్చే పెద్దవాళ్ళ కోసం నడిపిన క్లాసులివి. ఆరు సెంటర్లు, సెంటర్‌కో క్లాసు నడిపే ఫెసిలిటేటర్, వారానికి ఐదు రోజులు, రోజుకి గంటన్నర. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. దీనికి డబ్బిచ్చే డోనర్ సంస్థకి మా మొదటి రిపోర్టు నచ్చింది గానీ వాళ్ళూ ఒక ప్రశ్న వేశారు: నేర్చుకున్నారు సరే, దానివల్ల ఏం మారింది? శిక్షణ ఫలితాలను నాలుగు అంచెల్లో చూడమని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే రాశారు. నచ్చిందా, నేర్చుకున్నారా, నడవడి మారిందా, చివరికి ఏం ఒరిగింది అని ఆ నాలుగు. మేం రెండో అంచె దగ్గర ఆగిపోయాం. చాలా రిపోర్టులు అక్కడే ఆగుతాయి, ఎందుకంటే అక్కడిదాకా కొలవడం తేలిక.

ఎవరిని కూర్చోబెట్టాం

పార్టిసిపేటరీ, అంటే జనాన్ని కలుపుకుని చేసేది, అనే మాట మా రంగంలో బాగా అరిగిపోయింది. నలుగురిని చుట్టూ కూర్చోబెట్టి, మన ప్రశ్నలు మనమే అడిగి, ఒక ఫోటో తీసుకుని, ఆఫీసుకొచ్చి జవాబులకి అర్థం కూడా మనమే చెప్పుకుంటే దాన్నీ పార్టిసిపేటరీ అనే అంటున్నాం. షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీశారు. అట్టడుగున జనాన్ని ఆడించడం, పైన పెత్తనం జనం చేతిలో ఉండటం. నాలుగో మెట్టు సంప్రదింపులు: అడుగుతారు, వింటారు, నిర్ణయం మాత్రం అడిగినవాళ్ళదే. మా మొదటి ఇవాల్యుయేషన్‌ని నిజాయితీగా పెడితే ఆ నాలుగో మెట్టు మీద సగం పాదమే ఆనుతుంది. ఈసారి ఆరో మెట్టు, అంటే అసలైన భాగస్వామ్యం, అందుకోవాలనుకున్నాం.

11 మందితో ఒక కోర్ గ్రూపు పెట్టాం. సెంటర్‌కొకరు చొప్పున ఆరుగురు చదువుకునేవాళ్ళు, మధ్యలో మానేసిన ముగ్గురు, ఒక ఫెసిలిటేటర్, నేను. మానేసినవాళ్ళని ఒప్పించడానికే మూడు వారాలు పట్టింది. "మానేశాక మళ్ళీ పిలిచి తిడతారేమో అనుకున్నా" అని ఒకాయన తర్వాత చెప్పాడు.

మూడు షరతులు రాసుకున్నాం. ఏం కొలవాలో గ్రూపు నిర్ణయిస్తుంది. వచ్చినదానికి అర్థం ఏమిటో గ్రూపే తేలుస్తుంది. రిపోర్టు డోనర్‌కంటే ముందు గ్రూపు వింటుంది. ఇందులో రెండోదే అసలైనది, దాన్నే అందరూ వదిలేస్తారు. సమాచారం సేకరించే పనిలో జనాన్ని కలుపుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. జవాబుల్ని తూచే పనిలో కలుపుకోవడం ఇంకా అరుదు. నా మట్టుకు నాకు, తూకం ఎవరి చేతిలో ఉందో చూస్తే చాలు, అది పార్టిసిపేటరీనో కాదో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, వాళ్ళ టైముకి డబ్బు కట్టాలని మొదటి బడ్జెట్‌లోనే రాశాం. బయటినుంచి వచ్చే కన్సల్టెంట్‌కి రోజుకింత అని ఇచ్చి, ఒక పూట కూలి వదులుకుని వచ్చిన మనిషిని చప్పట్లతో పంపేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

కొలబద్ద

మొదటి మీటింగ్ చేతులారా చెడగొట్టుకున్నాను. చార్ట్ మీద పెద్ద అక్షరాలతో 'మార్పు అంటే ఏమిటి?' అని రాసి, స్కెచ్ పెన్ పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ పెదవి విప్పలేదు. చివరికి ఒకరు "జ్ఞానం పెరిగింది" అన్నారు, ఇంకొకరు "ధైర్యం వచ్చింది" అన్నారు. ఇవన్నీ మా సభల్లో మేం వాడే మాటలే, మాకే తిరిగొచ్చాయి.

రాబర్ట్ ఛాంబర్స్ 1990లలో పీఆర్ఏ (ఊరివాళ్ళే తమ పరిస్థితిని అంచనా వేసుకునే) పద్ధతుల గురించి రాస్తూ, ఫెసిలిటేటర్ చేతిలోని కర్ర జనానికి అప్పగించాలని పదేపదే అనేవారు. నేలమీద గీసే పుల్ల ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళదవుతుందని దాని అర్థం. నేను స్కెచ్ పెన్ వదల్లేదు, అదే నా తప్పు.

రెండో మీటింగ్‌లో ప్రశ్న మార్చాను. "మీ పక్కింటామె మన క్లాసుకి వస్తోందో లేదో నాకు తెలియదనుకోండి. నేను అడగను, ఆమె చెప్పదు. ఊరికే చూసి కనిపెట్టాలి. ఎలా?" పెన్ను పక్కనున్నావిడ చేతిలో పెట్టి కూర్చున్నాను.

ఇక ఆగలేదు. ఫోన్‌లో నంబర్లు పేర్లతో ఉన్నాయా, పువ్వు బొమ్మా కారు బొమ్మా పెట్టుకుందా? బస్సు వచ్చినప్పుడు పక్కవాళ్ళ మొహం చూస్తుందా, బోర్డు చూస్తుందా? చిల్లర తీసుకుని గుప్పిట మూసేస్తుందా, అక్కడే నిలబడి లెక్కపెడుతుందా? ఇంటికి ఏదైనా కాగితం వస్తే మడిచి దాచేస్తుందా, విప్పి చూస్తుందా? ఇలా పదిహేడు వచ్చాయి. వాటిలో ఒకటి చెప్పినప్పుడు గదిలో అందరూ ఒక్కసారి తలాడించారు: "సంతకం పెట్టడం కాదండీ. సంతకం పెట్టేముందు 'ఇందులో ఏముంది' అని అడుగుతుందా లేదా, అది చూడాలి."

లక్ష్యాలూ వాటి కొలతలూ రాసుకునే మా లాగ్‌ఫ్రేమ్ పట్టికలో 'సంతకం చేయగలవారి శాతం' అని ఒక ఇండికేటర్, అంటే కొలిచే గుర్తు, రెండేళ్ళుగా ఉంది. వేలిముద్ర పోయి సంతకం వస్తే గెలిచినట్టే లెక్క. ఏమీ చదవకుండా పెట్టిన సంతకం వేలిముద్రకంటే ప్రమాదమని గ్రూపులో ఒకరు వివరించారు. వేలిముద్ర వేసేవాళ్ళకి ఎవరో ఒకరు కాగితం చదివి చెప్పాలనే మర్యాద మిగులుతుంది, సంతకం పెట్టేవాళ్ళకి అదీ ఉండదు. మేం విజయంగా రాసుకున్న అంకె కొందరి విషయంలో నష్టమూ కావచ్చని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

విద్యావేత్త పావ్లో ఫ్రెయిరె బృందం 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో దాదాపు 300 మంది పెద్దవాళ్ళకి 40 గంటల్లో చదువు చెప్పినప్పుడు, పాఠాలు వాళ్ళ బతుకులోని మాటలతోనే మొదలయ్యాయి. ఆ పద్ధతిని మేం మా క్లాసుల్లో గర్వంగా వాడుతున్నాం. పాఠం వాళ్ళ మాటలతో మొదలుపెట్టి, పరీక్ష మాత్రం మా మాటలతో పెడుతున్నామని గమనించడానికి రెండేళ్ళు పట్టింది.

రాళ్ళు

పదిహేడింటిలోంచి గ్రూపు ఆరింటిని ఎంచుకుంది. సెంటర్‌లో నేలమీద ఒక్కోదానికి రెండేసి వలయాలు గీశాం, ఒకటి 'క్లాసుకి రాకముందు', ఒకటి 'ఇప్పుడు'. ప్రతి మనిషీ ఒక్కో వలయంలో సున్నా నుంచి పది దాకా గులకరాళ్ళు పెట్టాలి. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ ఇందులో ఒక పట్టు ఉంది. రాయి పెట్టినవాళ్ళు "ఎందుకు నాలుగే పెట్టావ్?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. ఫారంలో టిక్కు పెట్టినవాళ్ళని ఎవరూ అడగరు.

'రాకముందు' సంగతి ఇప్పుడు అడగడమేమిటి, బేస్‌లైన్ ఉంది కదా అని మా డేటా చూసే అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ మా బేస్‌లైన్‌లో "లెక్కలు చూసుకోగలరా?" అంటే చాలామంది "చూసుకోగలం" అన్నారు. క్లాసుకి వచ్చి వడ్డీ లెక్క, కొలతల లెక్క చూశాకే తమకి రానిదేమిటో తెలిసింది. అప్పుడు అదే ప్రశ్న మళ్ళీ వేస్తే కొందరు ముందుకంటే తక్కువ చెప్పుకున్నారు. నేర్చుకున్నాక కొలబద్దే మారిపోతుంది. ఇవాల్యుయేషన్‌లో దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. ఇప్పుడు నిలబడి వెనక్కి చూసి రెండూ ఒకే కొలబద్దతో పెట్టమంటే ఆ చిక్కు తగ్గుతుంది. దీనికి ఇంకో చిక్కు ఉంది. వచ్చినందుకు మర్యాదగా 'అప్పుడు' రాళ్ళు తగ్గించి, 'ఇప్పుడు' రాళ్ళు పెంచేస్తారు. అందుకే దీన్ని ఒంటరిగా నమ్మకూడదు.

మొదటి సెంటర్‌లో ఇంకో తప్పు జరిగింది. అందరూ ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. మొదట పెట్టిన ఆవిడ మాటకి అక్కడ విలువ ఎక్కువ. ఆవిడ ఎనిమిది పెట్టింది, తర్వాతివాళ్ళంతా ఏడు, ఎనిమిది, తొమ్మిది. బిల్ కుక్, ఉమా కొఠారి 2001లో లేవనెత్తిన విమర్శ నాకు అక్కడే గుర్తొచ్చింది: గుంపులో కూర్చోబెట్టినంత మాత్రాన అందరి గొంతూ వినపడదు, అక్కడ అప్పటికే ఉన్న పెత్తనం 'అందరి అభిప్రాయం' పేరుతో ఇంకా బలపడొచ్చు. రెండో సెంటర్ నుంచి పద్ధతి మార్చాం. ఎవరి రాళ్ళు వాళ్ళు గుప్పిట్లో పట్టుకుని, ఒకేసారి తెరవాలి. మాట్లాడటం ఆ తర్వాతే. అప్పటినుంచి రాళ్ళు చెదిరాయి.

నేను చూడాల్సింది ఆ చెదరడమే. 'సంతకానికి ముందు అడగడం' దగ్గర ఒక సెంటర్‌లో రాళ్ళు రెండు కుప్పలుగా విడిపోయాయి, ఎనిమిదీ తొమ్మిదీ ఒకవైపు, రెండూ మూడూ ఒకవైపు. సగటు తీస్తే ఐదున్నర వస్తుంది, అది ఎవరిదీ కాదు. ఎందుకిలా అని అడిగితే తక్కువ పెట్టిన ఒకావిడ నవ్వింది. "చదవడం నాకూ వచ్చు మేడం. మా ఇంట్లో కాగితం నా దాకా రాదు." ఎక్కువ పెట్టినవాళ్ళంతా ఇంట్లో డబ్బు వ్యవహారం చూసేవాళ్ళు, లేదా ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్ళు. చదువు ఇద్దరికీ ఒకటే వచ్చింది, వాడే చోటు ఒకరికే ఉంది. పరీక్షలో ఈ ఇద్దరికీ ఇంచుమించు అవే మార్కులు.

ఈ ఇండికేటర్‌ని నేను కళ్ళతో కూడా చూడాలనుకున్నాను. కోర్ గ్రూపుకి టైము డబ్బులిచ్చే రోజు రసీదుల మీద సంతకాలు తీసుకోవాలి. తొమ్మిది మందిలో ఏడుగురు కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి, వేలు పెట్టి చదివి, అంకె సరిచూసుకుని సంతకం పెట్టారు. ఒకాయన తేదీ తప్పని పట్టుకున్నాడు, నిజంగానే తప్పు. నాకు ఆనందంగానే ఉంది, కానీ దీన్ని రిపోర్టులో వేయలేదు. నేను ఏం చూస్తానో వాళ్ళకి తెలుసు, ఆ ఇండికేటర్ కనిపెట్టింది వాళ్ళే. మా క్లాసుకి సంబంధం లేని పొదుపు గ్రూపు మీటింగుల్లో, రిజిస్టర్ రాసే ఆవిడ గమనించి చెప్పిన సంగతుల్ని మాత్రం వేశాం.

కథల్ని ఎంచడం

రిక్ డేవీస్ 1990లలో బంగ్లాదేశ్‌లో ఒక స్వచ్ఛంద సంస్థతో పనిచేస్తూ ముందుగా ఇండికేటర్లు పెట్టుకోకుండా మార్పును పట్టుకునే పద్ధతి ఒకటి తయారుచేశారు. మోస్ట్ సిగ్నిఫికెంట్ చేంజ్ అంటారు. జెస్ డార్ట్‌తో కలిసి 2005లో దానికి గైడ్ కూడా రాశారు. చూడటానికి చాలా సులువు. ఈ కాలంలో మీకు అన్నింటికంటే ముఖ్యమనిపించిన మార్పు ఏమిటి, ఎందుకు ముఖ్యం? ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఒక చిన్న ప్యానెల్ కూర్చుని వాటిలో ఒకదాన్ని ఎంచి, ఎందుకు ఎంచిందో రాస్తుంది. దాన్ని పై స్థాయి ప్యానెల్ ఇంకో చోటి కథలతో పోల్చి మళ్ళీ ఎంచుతుంది. ఎంచిన కారణాలు కిందికి తిరిగి చెప్పాలి. ఈ చివరి మెట్టు చాలామంది ఎగ్గొడతారు. అప్పుడు అది ఫోటోలున్న బ్రోషర్‌కి కథల సేకరణ అవుతుంది, అంతే.

మాకు 40కి పైగా కథలు వచ్చాయి. చివరికి మూడింటి మధ్య పోటీ. మొదటిది, ఒకావిడ అప్పు కాగితం చదివి, నోటితో చెప్పిన వడ్డీకీ రాసిన వడ్డీకీ తేడా పట్టుకుంది. రెండోది, ఒకాయన జీవితంలో మొదటిసారి ఎవరినీ అడగకుండా దూరప్రయాణం చేసి వచ్చాడు. మూడోది చాలా చిన్నది. ఒకావిడ తన ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు ఇప్పుడు తనే చదువుకుంటోంది. ఇంతకుముందు కొడుకు చదివి పెట్టేవాడు.

నేనైతే కళ్ళు మూసుకుని మొదటిది ఎంచేదాన్ని. మా స్టాఫ్ ప్యానెల్ కూడా అదే ఎంచింది. కానీ చదువుకునేవాళ్ళ ప్యానెల్ గంటసేపు వాదించుకుని మూడోదాన్ని ఎంచింది. కారణం రాసింది కూడా వాళ్ళే, వంకర టింకర అక్షరాలతో: 'అప్పు కాగితం ఎప్పుడో వస్తుంది. మెసేజి రోజూ వస్తుంది. ఇంతకుముందు ఆమెకు ఏం చెప్పాలో కొడుకు అనుకునేవాడు.'

ఆ చివరి వాక్యం చదివాక మా స్టాఫ్ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేం చదువుని డబ్బు కాపాడుకునే పనిముట్టుగా చూస్తున్నాం. తమకి వచ్చిన మాట తమ దాకా నేరుగా రావడమే వాళ్ళకి ముఖ్యం. రెండు ప్యానెళ్ళూ వేర్వేరు కథలు ఎంచడం పద్ధతిలో లోపం కాదు. ఎవరి విలువలు ఏమిటో బయటపడేది అక్కడే. మేం రిపోర్టులో రెండు కథలూ, రెండు కారణాలూ పక్కపక్కన పెట్టాలనుకున్నాం.

పెట్టలేకపోయాం. పేరు మార్చినా, ఊరు తీసేసినా, అప్పు కాగితం కథ ఎవరిదో చుట్టుపక్కలవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది, అప్పిచ్చినాయనకి కూడా. ఆవిడ ముందు సరేనంది. రిపోర్టు చదివి వినిపించే రోజు వచ్చి "వద్దు మేడం, తీసేయండి" అంది. తీసేశాం. ఇక్కడ రాసిన రూపంలో కూడా వివరాలు మార్చాను. ఒప్పుకోలు మొదటి రోజు ఒకసారి తీసుకుని ఫైల్లో పెట్టుకునే కాగితం కాదు. కథ ఎక్కడికి వెళ్తుందో తెలిసిన ప్రతిసారీ మళ్ళీ అడగాలి.

ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన బలహీనత, మంచి కథలే పోగవుతాయి. అందుకని 'మంచిది కాని మార్పు' అని ఇంకో వర్గం పెట్టాం. దానికి మొదటి రెండు వారాలు ఒక్క కథా రాలేదు. ఫెసిలిటేటర్లు గదిలో లేని రోజు ఏడు వచ్చాయి.

మ్యాప్

ఆ ఏడు కథలు ఎటు తిప్పినా మానేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళాయి. దాంతో కోర్ గ్రూపు మ్యాప్ గీద్దామంది. ఒక పెద్ద సెంటర్‌ని తీసుకుని, నేలమీద ముగ్గుపిండితో వీధులు గీశారు. ఇల్లిల్లూ పెట్టి, వస్తున్నవాళ్ళ ఇంటి మీద ఆకు, మానేసిన ఇంటి మీద రాయి, ఎప్పుడూ రాని ఇంటి మీద పుల్ల పెట్టారు. నలభై నిమిషాల పని. నేను అవతల నిలబడి చూస్తున్నాను.

రాళ్ళన్నీ ఒక మూలకి చేరాయి.

ఆ మూలకి వెళ్ళాలంటే చివరి రెండు వందల అడుగులు లైట్లు లేని దారి. క్లాసు అయ్యేసరికి చీకటి పడుతుంది. మొదట్లో ఐదారుగురు కలిసి వెళ్ళేవాళ్ళు. ఇద్దరు పని మారి ఆగిపోయారు. మిగిలినవాళ్ళు ఒంటరిగా వెళ్ళలేక ఒక్కొక్కరే మానేశారు. రిజిస్టర్లో అందరికీ ఒకటే కారణం: 'ఆసక్తి లేదు'. ఫెసిలిటేటర్ అబద్ధం రాయలేదు. రిజిస్టర్ ఫారంలో నాలుగు కారణాలే ఉన్నాయి, ఊరు మారారు, అనారోగ్యం, పని, ఆసక్తి లేదు. ఆ ఫారం తయారుచేసింది నేను.

మ్యాప్ మీద ఇంకో మూడు రాళ్ళు సెంటర్ పక్క వీధిలోనే ఉన్నాయి. వాటికి చీకటి కారణం కాదు. గ్రూపులో అందరూ నేల చూపులు చూశారు. మాతో ఉన్న ఫెసిలిటేటర్ తనే లేచి "నేను కాసేపు బయట ఉంటాను" అని వెళ్ళింది. అప్పుడు చెప్పారు. ఆ సెంటర్‌లో తప్పు చదివినవాళ్ళని అందరి ముందూ నిలబెట్టి మళ్ళీ మళ్ళీ చదివిస్తున్నారు. "మా పిల్లల ఈడు అమ్మాయి ముందు అలా నిలబడాలంటే సిగ్గేసింది" అన్నాడు మానేసినవాళ్ళలో ఒకాయన. ఆ అమ్మాయే ఆ సెంటర్ ఫెసిలిటేటర్. బడిలో తనకి ఎలా నేర్పారో అలాగే నేర్పుతోంది, ఇంకో పద్ధతి మేం చూపించలేదు.

కోర్ గ్రూపులో ఫెసిలిటేటర్‌ని పెట్టడం తప్పా? ఇప్పటికీ ఒక నిర్ణయానికి రాలేదు. ఆమె ఉండబట్టి ఈ సంగతి ఆలస్యంగా బయటపడింది. ఆమె ఉండబట్టే తర్వాత మిగతా ఫెసిలిటేటర్లు దీన్ని ఫిర్యాదుగా కాకుండా విన్నారు. ఇకముందు చేసేవాళ్ళెవరైనా కనీసం కొన్ని సెషన్లు విడిగా పెట్టుకోమంటాను.

మాది ఎంత?

మార్పు కనిపించింది సరే, అది క్లాసు వల్లే వచ్చిందా? పోల్చి చూడటానికి క్లాసుకి రానివాళ్ళ కంట్రోల్ గ్రూపు లేదు, ర్యాండమ్‌గా ఎంచిందీ లేదు. పార్టిసిపేటరీ పద్ధతి ఆ లోటు తీరుస్తుందని నేను నటించను. క్లాసు లేకపోతే ఏమయ్యేదో అంకెల్లో చెప్పాలంటే దానికి వేరే డిజైన్ కావాలి, మొదటి రోజునుంచే కావాలి. మేం చేయగలిగింది ఇవాల్యుయేషన్ నిపుణుడు జాన్ మేన్ చెప్పిన కాంట్రిబ్యూషన్ అనాలిసిస్ దారిలో, మార్పుకి మిగతా కారణాలు ఏమేం ఉండొచ్చో వరసగా పెట్టి, మా వాటా ఎంతో నిలదీసి చూసుకోవడం.

ఒక్కో మార్పుని ఒక్కో కార్డు మీద రాశాం. గోడ మీద మూడు నిలువు వరసలు: 'క్లాసు వల్లే', 'క్లాసు వల్ల కొంత', 'ఎలాగైనా వచ్చేది'. 'ఫోన్ బాగా వాడటం' కార్డుని నేను మొదటి వరసలో పెట్టాను. మేం ఫోన్ మీద ప్రత్యేకంగా పది పాఠాలు చేశాం మరి. ఒక పెద్దావిడ లేచి వచ్చి, ఏమీ అనకుండా కార్డు పీకి, మూడో వరసలో అంటించింది. "మా మనవరాలు నేర్పింది. క్లాసుకి రానివాళ్ళూ వాడుతున్నారు కదా." నేను రెండో వరసకైనా లాగుదామని చూశాను. ఆమె వినలేదు. మిగతావాళ్ళు ఆమె వైపే నిలబడ్డారు.

డోనర్ రిపోర్టులో పెద్ద అక్షరాలతో వేద్దామనుకున్న ఫలితం అలా పోయింది. తమకి మేలు చేసిన కార్యక్రమాన్ని జనం ఎప్పుడూ పొగుడుతారని, అందుకే వాళ్ళ మాట నమ్మలేమని అనేవాళ్ళకి నేను ఈ కార్డు సంగతే చెబుతాను. మర్యాద కోసం పొగడటం నిజమే, అది ఇంటర్వ్యూలో వస్తుంది. తూచే పని చేతికిస్తే అదే మనిషి వేరేలా మాట్లాడుతుంది. చివరికి 'క్లాసు వల్లే' వరసలో మిగిలినవి నాలుగు కార్డులు. సంతకానికి ముందు అడగడం 'కొంత' వరసలోకి వెళ్ళింది. పొదుపు గ్రూపుల వాటా కూడా ఉందని తేల్చారు.

ఫోటోల పద్ధతి కూడా ప్రయత్నించాం. కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 1990లలో చైనాలోని యునాన్‌లో గ్రామీణ మహిళల చేతికి కెమెరాలిచ్చి మొదలుపెట్టిన ఫోటోవాయిస్. మాకు కుదరలేదు. తీసిన ఫోటోల్లో సగం పక్కవాళ్ళవి, వాళ్ళని అడగలేదు. ఒక ఫోటో మీద రెండు ఇళ్ళ మధ్య మాట పట్టింపు వచ్చింది. రెండో వారంలోనే ఆపేసి, ఫోటోలన్నీ వాళ్ళ ముందే చెరిపేశాం. ఫోటోలు తీసేవాళ్ళకి ముందుగా చాలా శిక్షణ కావాలి, మేం ఒక పూటతో సరిపెట్టాం.

రిపోర్టు, డోనర్ మీటింగ్

రిపోర్టుని కోర్ గ్రూపుకి రెండు సాయంత్రాలు పైకి చదివి వినిపించాం. తొమ్మిది మార్పులు చెప్పారు. 'నిరక్షరాస్యులైన పేద మహిళలు' అన్న మాట కొట్టేయించారు. 'సాధికారత' అన్న చోటల్లా "అంటే ఏంటి?" అని అడిగారు. జవాబు చెప్పగలిగిన చోట ఆ జవాబే రాశాను, చెప్పలేని చోట మాట తీసేశాను. రిపోర్టు నాలుగు పేజీలు తగ్గింది.

డోనర్ దగ్గరికి కోర్ గ్రూపులోంచి ఇద్దరు వచ్చారు, కథలూ మ్యాపూ వాళ్ళే వివరించారు. అవతలివాళ్ళు శ్రద్ధగానే విన్నారు. తర్వాత బడ్జెట్ మాట్లాడే టైముకి "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారు, నేను నోరెత్తలేదు. ఆరో మెట్టు నుంచి నాలుగో మెట్టుకి జారడానికి అర నిమిషం పట్టింది. బయటికొచ్చాక వాళ్ళిద్దరూ నన్నేమీ అనలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఖర్చు సంగతి. టెస్టుల ఇవాల్యుయేషన్ ఆరు వారాల్లో అయింది, ఇది ఐదు నెలలు పట్టింది. డబ్బు మాత్రం అంత ఎక్కువేమీ కాలేదు, ఎందుకంటే బయటి కన్సల్టెంట్ లేరు. నా టైము మాత్రం చాలా పోయింది. మధ్యలో వర్షాల పనుల సీజన్‌లో మూడు వారాలు ఎవరూ రాలేదు, ఆగాల్సివచ్చింది. ఐదు నెలల్లో అవ్వాలనే టెన్షన్ లేకపోతే ఆ ఆగడం వల్ల నష్టమేమీ లేదు.

మారినవి: మ్యాప్ గీసిన సెంటర్‌లో క్లాసు గంట ముందుకి జరిగింది, చీకటి దారి అవతల వారానికి రెండు రోజులు ఇంకో చిన్న క్లాసు మొదలైంది. ఫెసిలిటేటర్లకి పెద్దవాళ్ళకి ఎలా నేర్పాలో శిక్షణ పెట్టాం. అందులో ఒక సెషన్ మానేసిన ఇద్దరు నడిపారు. రిజిస్టర్లో నాలుగు కారణాల పెట్టె తీసేసి, ఖాళీ గీత పెట్టాం. 'సంతకం చేయగలవారి శాతం' లాగ్‌ఫ్రేమ్‌లో ఇంకా ఉంది. అది డోనర్ ఫార్మాట్, తీయడానికి మాకు అధికారం లేదన్నారు. దాని కింద ఇంకో గడి కలుపుకోనిచ్చారు.

ఆరు నెలల తర్వాత అదే నేల మీద మళ్ళీ మ్యాప్ గీశారు. చీకటి మూలలో రాళ్ళు తగ్గి ఆకులు వచ్చాయి. సెంటర్ పక్క వీధిలోని మూడు రాళ్ళలో ఒకటి ఆకుగా మారింది. మిగతా రెండిళ్ళకి ఆ ఫెసిలిటేటర్ స్వయంగా వెళ్ళి వచ్చింది. ఒకరు ఆలోచిస్తామన్నారు, ఒకరు తలుపు తీయలేదు.